పదకొండో నెల పంతొమ్మిది

పోయిన వారం మల్సున్‌ని మేనత్త బున్నే ఇంటి గుమ్మంలో వదిలేశాం. చెప్పులు తొడుక్కోబోయి ఆ సంగతే మరిచిపోయి, చలి గచ్చు మీద వట్టి కాళ్లతో నిలబడిపోయింది. నిలబడక ఏం చేస్తుంది? ఆరు నెలలు వెతికిన మనిషి ఆ గుమ్మంలో దొరికాడు మరి. నుతినే ఊరి వెనక కొండవాలు మీద ఒక రాళ్లకుప్ప ఉంది. వాళ్లమ్మ బతికినన్నాళ్లూ ఎవరికీ చెప్పకుండా అక్కడికి వెళ్లొచ్చేది. చివరి రోజుల్లో "కొండ మీద వాణ్ణి కాగితమ్మీదకి ఎక్కించవే" అని కూతురి చేత చేతిలో చెయ్యి వేయించుకుని కన్నుమూసింది. ఆ కొండ మీద వాడు మల్సున్ పుట్టకముందే ఐదో ఏట పోయిన పెద్దన్నయ్య అని మేనత్త చెప్పింది. వాడి పేరు సంగూ అని కూడా చెప్పింది.

చిక్కంతా ఆ పేరుతోనే వచ్చింది. ప్యో సంగూ అనే పెద్దమనిషి నిక్షేపంగా బతికే ఉన్నాడు. మల్సున్‌కి మిగిలిన ఒక్కగానొక్క అన్నయ్య ఆయన. ప్యో వంశంలో ఈ శాఖకి పెద్ద, మొన్న ఆగస్టులో రిటైరైన లెక్కల మాస్టారు. మొదటి పిల్లాడు పోయినప్పుడు తండ్రి మండలాఫీసుకి వెళ్లి చావు రాయించలేదు. అప్పటికి ఏడాది దాటిన రెండోవాడికి ఇంకా పుట్టుకే రాయించలేదు. ఒక చావూ ఒక పుట్టుకా, రెండు పనులూ ఒకేసారి మిగిలిపోయాయి కదా అని ఉన్న కాగితాన్ని ఉన్న పిల్లాడికి తొడిగేశాడు. పెద్దవాడి చొక్కా చిన్నవాడికి తొడిగినట్టే. యుద్ధం ముగిసిన ఆ రోజుల్లో ఊళ్లో మరో మూడు నాలుగిళ్లు కూడా ఇదే పని చేశాయి, ఎవరూ ముక్కు మీద వేలేసుకోలేదు.

ఇక ఈ వారం సంగతి.

గురువారం పొద్దున పదింటికి మల్సున్ వంశమందిరం మెట్లెక్కింది. ఎనభై నాలుగేళ్ల మేనత్తని రెక్క పట్టుకుని తనతో పాటే ఎక్కించింది. "ఈ ముసలి పీనుగల మధ్యకి నన్నెందుకే ఈడ్చుకుపోతావు" అని ఆవిడ ప్రతి మెట్టు మీదా ఆగి అడిగింది. మర్నాడు వంశావళి అచ్చుకి వెళ్లిపోతుంది. మళ్లీ వేసేది ముప్పై ఏళ్లకి. అప్పటికి మేనత్త ఉండదు, అన్నయ్య ఉండడు, మల్సున్‌కే ఎనభై మూడు వస్తాయి. ఆ రాళ్ల కింద ఒక పిల్లాడున్నాడని చెప్పడానికి ఒక్క ప్రాణి మిగలదు. అందుకే పట్నం బజార్లో తన కిమ్చీ పచ్చడి కొట్టుకి తాళం వేసి వచ్చింది. వెల్లుల్లి వాసన చేతుల్ని వదల్లేదు.

లోపల, అడుగున మంట పెట్టి వేడెక్కించిన నేల మీద అయిదుగురు ముసలాళ్లు పొట్టి బల్లల చుట్టూ కూర్చుని పేర్ల కాగితాలు సరిచూస్తున్నారు. మధ్యలో వంశసంఘం అధ్యక్షుడు ప్యో గ్యూతే. ఎనభై ఒకటి వచ్చినా వెన్ను వంగలేదు. నడుముకి తాళంచెవి వేలాడుతూ ఉంటుంది, గోడవారన ఉన్న పాత కాగితాల పెట్టెది. మల్సున్ తండ్రికి పినతండ్రి కొడుకు ఆయన. వయసులో ఉండగా ముప్పై ఏళ్లు మండలాఫీసులో గుమాస్తాగిరీ చేశాడు, ఆ గుమాస్తా ఇంకా ఆయన ఒంట్లోంచి దిగలేదు. ఆయన కుడిపక్కన సంగూ మాస్టారు టై కట్టుకుని కూర్చుని, పరీక్ష పేపర్లు దిద్దుతున్నట్టు కాగితాలు దిద్దుతున్నాడు. చెల్లెల్ని చూశాడు. తల దించుకుని మళ్లీ దిద్దుకున్నాడు.

"ఇవాళ పూజ లేదమ్మా, వంటా లేదు. ఆడవాళ్లకి ఇక్కడ పనేముంది?" అన్నాడు గ్యూతే, కళ్లజోడు మీంచి చూస్తూ.

"పని కాగితంతో చిన్నాన్నా" అని మల్సున్ తెచ్చిన కాగితం ఆయన బల్ల మీద పెట్టింది. "పెళ్లికి ముందే పోయిన పిల్లల్ని కూడా ఎక్కించొచ్చని ఈ వసంతంలో మీరే తీర్మానం చేశారు కదా. పుట్టిన తేదీ, పోయిన తేదీ, సమాధి ఉన్న చోటు, శాఖ పెద్ద ముద్ర. ఈ నాలుగూ ఉంటే చాలన్నారు."

"చేసింది మేం కాదు. సియోల్ నగరంలో కూర్చున్న కుర్రకుంకలు పట్టుబట్టి చేయించారు." ఆయన కాగితాన్ని వేలి కొనతో పక్కకి నెట్టాడు. "అయినా నువ్వు పెళ్లయి పోయినదానివి. నీ పేరు నీ మొగుడి వంశావళిలో ఉంటుంది. ఆ బూజేదో అక్కడికెళ్లి దులుపుకో."

"అక్కడ కూడా నా పేరు లేదు చిన్నాన్నా. 'ప్యో వాళ్లమ్మాయి' అని ఉంది. ఇక్కడేమో పెళ్లయి పోయినదాన్ని, అక్కడేమో ప్యో వాళ్లమ్మాయిని. ఈ రెండూళ్ల మధ్య బస్సులో తిరుగుతున్నప్పుడు తప్ప నేనెక్కడా మనిషిని కాదు."

ముసలాళ్లలో ఒకాయన నవ్వబోయి దగ్గుగా మార్చుకున్నాడు. గ్యూతే కాగితం చేతిలోకి తీసుకుని, అనుమానంగా దూరం పెట్టి చదివాడు. "పేరు ప్యో సంగూ. డ్రాగన్ సంవత్సరం, ఆరో నెల మూడో తేదీ పుట్టుక. సమాధి నుతినే వెనక కొండవాలు, రాళ్లకుప్ప. పోయిన తేదీ..." ఆయన ఆగి, ఖాళీ గడి అందరికీ కనిపించేలా కాగితం తిప్పి చూపించాడు. "పోయిన తేదీ లేదు. నాలుగింట్లో ఒకటి హుష్‌కాకి. నాలుగోది ముద్ర. అదిగో, శాఖ పెద్ద నీ ఎదురుగానే కూర్చున్నాడు. అడుక్కో."

మల్సున్ అడుక్కోవడానికి రాలేదు. అన్నయ్య ఎదుటికెళ్లి కూర్చుంది. "అన్నయ్యా, ముద్ర వెయ్యి."

సంగూ మాస్టారు కలం మూత పెట్టాడు. ముప్పై రెండేళ్లు నలభై మంది పిల్లల్ని ఒక్క చూపుతో కూర్చోబెట్టిన మనిషి, గొంతు పెంచాల్సిన పని ఆయనకి ఎప్పుడూ పడలేదు.

"వెయ్యను."

"ఎందుకని?"

"నీకు మొన్న తెలిసింది కాబట్టి ఇవాళ పరుగెత్తుకొచ్చావు. నాకు నలభై రెండేళ్ల కిందటే తెలుసు. హైస్కూల్లో ఉండగా సైన్యం నుంచి పిలుపొచ్చింది, ఇరవై నిండాయని. నాన్నా, నాకు పదిహేడే కదా అన్నాను. అప్పుడు చెప్పాడు. ఇరవై నిండింది కొండ మీద వాడికి. వెళ్లింది నేను. తుపాకీ నా భుజానికి మించిన బరువుండేది. మొన్న ఆగస్టులో స్కూల్లో పూలగుత్తి చేతిలో పెట్టి ఫోటో తీసి ఇంటికి పంపించేశారు, అరవై రెండొచ్చాయని. వచ్చింది వాడికి. నాకు యాభై తొమ్మిది. ఇంకో మూడేళ్లు బోర్డు ముందు నిలబడాల్సినవాణ్ణి, ఇంట్లో కూర్చుని గోడకి లెక్కలు చెప్పుకుంటున్నాను. పుట్టినరోజు వాడిది. ఏటికో జంతువు పేరు కదా, జాతకం చూపించుకున్నా వాడి డ్రాగన్ ఏడే, నేను పుట్టిన గొర్రె ఏడు ఎవడికీ అక్కర్లేదు. పోయినవాడికి ఇంతకన్నా ఏం పెట్టాలి? ఇప్పుడు పేరు కూడా ఇచ్చెయ్యమంటున్నావు. ఇచ్చేశాక నేనెవర్ని?"

"వాడేమీ అడగలేదన్నయ్యా. అమ్మ అడిగింది."

"అమ్మా?" ఆయన ముఖం గట్టిపడింది. "ఆవిడ నన్ను ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి సంగూ అని పిలవగా విన్నావా నువ్వు? తోల్సే. నిన్న మొన్నటి దాకా తోల్సే. నా పెళ్లిలో అందరి ముందూ ఒరే తోల్సే అని పాలేరుని పిలిచినట్టు కేకేస్తే ఆడపెళ్లివారు పగలబడి నవ్వారు. మా హెడ్మాస్టర్ ఇంటికొస్తే ఆయన ముందూ అదే. ముద్దుపేరనుకున్నావా? ఆవిడకి ఆ పేరు నాకివ్వడం ఇష్టం లేదు. వాడి కోసం దాచిపెట్టుకుంది."

నిజమే, అమ్మ నోట ఆ పేరు మల్సున్ ఎప్పుడూ వినలేదు. కానీ ఆమెకి జాలి కన్నా ముందు కోపమొచ్చింది. కిమ్చీ కొట్లో ముప్పై ఏళ్లు బేరగాళ్లతో వాదించిన గొంతు మందిరమంతా మోగింది.

"నీకు నలభై రెండేళ్లుగా తెలుసు. ఆవిడ అరిగిపోయిన మోకాళ్లతో కర్ర ఊతంగా ఆ కొండెక్కుతుంటే చూశావు. ఒక్కసారైనా వెంట వెళ్లావా? కనీసం ఆ మంచులో జారిపడకుండా ఒక తాడైనా కట్టించావా?"

"నా పేరున్న గోతి దగ్గరికి నేనెందుకెళ్తానే?"

గుమ్మం దగ్గర కూలబడి మోకాళ్లు నొక్కుకుంటున్న బున్నే నోరు చేసుకుంది. "ఇద్దరికీ మీ నాన్న నోరే వచ్చింది. కాస్త మీ అమ్మ బుద్ధి రాకూడదూ!"

"అత్తా, నువ్వు చెప్పు" అని మల్సున్ ఆవిడ వైపు తిరిగింది. "వాడు ఏ రోజు పోయాడు?"

"చలికాలం. కుండలో నీళ్లు గడ్డ కట్టేశాయి. తేదీలు నాకెలా తెలుస్తాయే, నేనేమన్నా బళ్లోకెళ్లానా? మీ అమ్మకి తెలుసు. ఎన్నిసార్లు అడిగినా నోరు విప్పేది కాదు."

గ్యూతేకి ఇది నచ్చింది. గెలిచిన మనిషి ఊరుకుంటే బాగుండేది. కానీ ఆయన ఊరుకునే రకం కాదు, కిందపడ్డవాణ్ణి ఒక తన్ను తన్ని గానీ ఇంటికి పోడు.

"చూశారా" అన్నాడు మిగతా ముసలాళ్లతో. "నిజం రాయించాలట, నిజం! ఒసే మల్సున్, అసలు నీ సంగతి నీకు తెలుసా? నీ పుట్టినరోజెప్పుడు?"

"పదకొండో నెల పంతొమ్మిది. దానికీ దీనికీ ఏమిటి సంబంధం?"

"అబద్ధం. పచ్చి అబద్ధం." ఆయన బల్ల మీద అరచేత్తో కొట్టాడు. "అరవై మూడులో, మంచు కరిగిన నెలలో మీ అమ్మ నిన్ను వీపున కట్టుకుని మండలాఫీసుకొచ్చింది. రెండేళ్లు దాటిన పిల్లకి అప్పుడు పుట్టుక రాయించడం! కౌంటర్లో ఉన్నది నేనే. తేదీ చెప్పమంటే పదకొండో నెల పంతొమ్మిది అంది. అదేంటి వదినా, ఈ పిల్ల బార్లీ కోతల్లో పుట్టింది కదా, నువ్వు కొడవలి పొలంలోనే పారేసి ఇంటికి పరుగెత్తడం ఊరంతా చూసింది కదా అన్నాను. వింటేనా! ఆ తేదీయే రాయమని కౌంటర్ చెక్క రెండు చేతులా పట్టుకుంది. వెనక జనం బారులు తీరారు. ఇది దొంగ లెక్కవుతుంది వదినా అంటే, 'నీ కాగితమ్మీద ఆ రోజు ఒక్కచోటైనా రాసి పెట్టవయ్యా' అని ఏడుపు లంకించుకుంది. పరువు పోతుందని రాసి పారేశాను. అదీ మీ అమ్మ సత్యసంధత. మీ ఇంటిల్లిపాదివీ దొంగ కాగితాలే, నువ్వొచ్చి మాకు నీతులు చెబుతున్నావు!"

ముసలాళ్లు ఈసారి దాచుకోకుండా నవ్వారు. మల్సున్ నవ్వలేదు, కోప్పడలేదు. 'ఒక్కచోటైనా రాసి పెట్టవయ్యా' అన్న మాట దగ్గరే ఆమె చెవులు ఆగిపోయాయి.

ఆమె పుట్టినరోజుకి అమ్మ అందరిలాగే సముద్రపు నాచుతో చారు కాచేది. కాచి, మొదటి గిన్నె మల్సున్‌కి పెట్టేది కాదు. గుడ్డలో చుట్టుకుని తెల్లారకుండానే కొండెక్కేది. తిరిగొచ్చేసరికి ఇంట్లో చారు చల్లారిపోయేది. తొమ్మిదో ఏట మల్సున్ మంచులో అడుగుల గుర్తులు పట్టుకుని వెనకే వెళ్లి, రాళ్ల ముందు గిన్నె పెడుతున్న అమ్మని చూసి "నా చారు అది" అంది. అమ్మ చెంప పగలగొట్టింది. "నీది కాదు" అంది. ఆడపిల్ల పుట్టిందని ఏటేటా కొండదేవుడికి ఫిర్యాదు చేయడానికి వెళుతోందని తొమ్మిదేళ్ల పిల్ల తేల్చుకుంది. అప్పట్నుంచీ ఆ రోజంటే ఒళ్లుమంట. మొగుడు ఎన్నిసార్లు అడిగినా పుట్టినరోజు చేసుకోలేదు, కూతుళ్లని చెయ్యనివ్వలేదు. నలభై నాలుగేళ్లుగా ఒక చెంపదెబ్బ మీద అమ్మతో లోలోపల పోట్లాడుతూనే ఉంది.

మరో సంగతి కూడా ఇప్పుడే గుర్తొచ్చింది. బార్లీ కోతలప్పుడు ఏటా ఒక రోజు, ఏ పండగా కాని రోజు, తన అన్నం గిన్నె అడుగున ఒక ఉడికించిన గుడ్డు దొరికేది. అన్నయ్య గిన్నెలో ఉండేది కాదు. "అమ్మా, గుడ్డు!" అని అరవబోతే అమ్మ కళ్లతోనే నోరు మూయించేది. అది తన అసలు పుట్టినరోజని ఒక్క మాట చెప్పలేకపోయిందా ఈ మనిషి! మల్సున్‌కి ఏడుపొచ్చింది. ఈ ముసలాళ్ల ముందు ఏడవడం ఇష్టం లేక ముక్కు గట్టిగా ఎగబీల్చింది.

"చిన్నాన్నా" అంది. "మీకు దణ్ణం పెట్టాలి."

"ఏంటి?"

"నాలుగింట్లో ఒకటి హుష్‌కాకి అన్నారు కదా. దాన్ని మీరే వెతికి చేతిలో పెట్టారు. డ్రాగన్ ఏట పుట్టి ఐదో ఏట పోయాడంటే కోతి ఏడు. ఆ ఏడాది పదకొండో నెల పంతొమ్మిది. సంగూ పోయిన రోజు అదే. రాయించుకోవడానికి అమ్మకి మీ ఆఫీసులో వేరే గడి దొరకలేదు, అందుకని నా గడిలో రాయించింది."

గ్యూతే చెయ్యి విదిలించాడు. "ఊహలు! సాక్ష్యమేది?"

గుమ్మం దగ్గర్నుంచి బున్నే అరిచింది. "పంతొమ్మిదా? ఆగవే, ఆగు! మా ఆయన తద్దినం పద్దెనిమిది. అత్తారింటివాళ్లు నన్ను గెంటేశాక ఇక్కడే పెట్టుకునేదాన్ని కదా. ఆ తద్దినం మర్నాడే వాడు పోయాడు. ఆ రాత్రి పిండివంట నా చేత్తోనే వాడి నోట్లో..." అని, ఏదో అడ్డం పడ్డట్టు చటుక్కున ఆగింది. తర్వాత నెమ్మదిగా అంది. "అవును. పంతొమ్మిదే."

ఆవిడ ఎందుకాగిందో అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. మల్సున్ కలం తీసి గడిలో రాయబోతుంటే గ్యూతే ఆ కాగితం లాగేసుకున్నాడు. "ఇది చిత్తు. చెల్లదు. మందిరం కాగితమ్మీద, సంఘం ఎదుట రాయాలి." సొరుగులోంచి కొత్త కాగితం తీసి ఆమె ముందు పరిచాడు. పరిచి, దాని మీద ఎర్ర సిరా కలం పెట్టాడు.

"రాయి" అన్నాడు. "చచ్చినవాడి పేరంటున్నావుగా. మరి ఎర్రటిదానికి భయమెందుకు?"

బతికున్నవాడి పేరు ఎర్ర సిరాతో రాస్తే వాడికి చావు రాసిపెట్టినట్టేనని నుతినేలో పాలు తాగే పిల్లలకి తప్ప అందరికీ తెలుసు. సంగూ మాస్టారు కూడా ముప్పై రెండేళ్లు ఎర్ర కలంతోనే దిద్దాడు గానీ, ఒక్క పిల్లాడి పేరు మీదికి ఆ సిరా పోనివ్వలేదు. మల్సున్ కలం పట్టుకుని అలాగే ఉండిపోయింది. ఎదురుగా అన్నయ్య. కోపమున్నా, అరిచినా, నలభై రెండేళ్లు నోరు విప్పకపోయినా అన్నయ్యే. కొండ మీద వాణ్ణి ఎక్కించాలంటే ఆయన కళ్లముందే ఆయన పేరు చావురంగులో రాయాలి. ఆమె చేతికి ఆ శక్తి లేదు.

"చూశారా, అంతే" అన్నాడు గ్యూతే. "అందరూ టీ తాగండి."

"రాయి మల్సున్."

అన్నది సంగూ మాస్టారు. ఆయన ముఖంలో మెత్తదనం ఏమీ లేదు. "రెండో ఏట నన్ను వాడి కాగితంలో దూర్చినప్పుడు ఏ రంగు సిరా వాడారో నేనడగలేదు. రాయి. ఏమవుతుందో చూద్దాం."

మల్సున్ రాసింది. ప్యో సంగూ. అక్షరాలు వంకరపోయాయి. డ్రాగన్ ఏడు, ఆరో నెల మూడు. కోతి ఏడు, పదకొండో నెల పంతొమ్మిది. నుతినే వెనక కొండవాలు. ముసలాళ్లలో ఇద్దరు ముఖాలు తిప్పుకున్నారు, ఒకాయన నోట్లో ఏదో గొణుక్కున్నాడు. యాభై ఎనిమిదేళ్ల తర్వాత ఆ పిల్లాడు మొదటిసారి ఒక కాగితమ్మీద చచ్చిపోయాడు. వింతేమిటంటే మల్సున్‌కి వాడు ఇప్పుడే పుట్టినట్టనిపించింది.

సంగూ మాస్టారు జేబులోంచి తోలుసంచీ తీశాడు. ముద్ర బయటికి తీసి, కొన మీద నోటి ఆవిరి ఊది, ఎర్ర సిరాముద్దలో అద్ది, కాగితమ్మీద గట్టిగా నొక్కాడు. "అమ్మ కోసం వెయ్యలేదు" అన్నాడు చెల్లెలి వైపు చూడకుండా. "ఈయన వద్దన్నందుకు వేశాను."

గ్యూతే కాగితం పైకెత్తి, వెలుతురుకి పెట్టి తీరిగ్గా చదివాడు. గుమాస్తా ముఖంలో నెమ్మదిగా చిరునవ్వు వచ్చింది.

"చెల్లదు."

"ఏంటి చెల్లదు?" మల్సున్ లేచి నిలబడింది. "నాలుగూ ఉన్నాయి!"

"ముద్రలో ఎవరి పేరుంది? ప్యో సంగూ. ఆయన కోతి ఏట పోయాడని పైన నువ్వే రాశావు. చచ్చినవాడి ముద్ర చెల్లుతుందటే? శాఖ పెద్ద బతికున్నవాడై ఉండాలి. ఇదిగో ఈ మాస్టారు బతికే ఉన్నాడు, ఒప్పుకుంటాను. ఈయన పేరేంటో చెప్పండి, ఆ పేరుతో ముద్ర చెక్కించుకుని రేపు అచ్చుకి వెళ్లేలోపు తీసుకురండి. పేరు లేదా, ఇద్దరూ ఉండరు. కొండ మీదవాడూ ఉండడు, ఈయనా ఉండడు. ఈ శాఖ కొమ్మ ఇక్కడితో ఎండిపోయిందని రాసి అచ్చుకి పంపిస్తాను."

అన్నాచెల్లెళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పొద్దుట్నుంచీ మొదటిసారి. తోల్సే అన్నది ఇంట్లో పిలుపు, వంశావళిలో ఎక్కే పేరు కాదు. అసలు పేరంటూ ఒకటి పెట్టారో లేదో చెప్పాల్సిన ఇద్దరూ మట్టిలో ఉన్నారు.

"నాకు పేరు పెట్టారా అత్తా?" అన్నాడు సంగూ మాస్టారు. లెక్కల మాస్టారి గొంతు కాదది. సంతలో తప్పిపోయిన పిల్లాడి గొంతు.

"పెట్టకుండా ఉంటారట్రా!" బున్నే గోడ పట్టుకుని లేచింది. "మీ అన్న పోయిన ఏడాదే, కోతల తర్వాత, వంశావళి వేస్తున్నారని మీ నాన్న పేర్ల కాగితం రాశాడు. సిరా నూరింది నేనే. ఇద్దరు కొడుకులు, పక్కపక్కనే రెండు వరసలు. చదవడం రాదు గానీ వరసలు లెక్కపెట్టడం వచ్చు నాకు. తెచ్చి ఈ గ్యూతేగాడికే ఇచ్చాడు. అప్పుడు వీడు సంఘంలో రాతకోతలవాడు. చలికాలంలో పెద్దాడు పోయేసరికి ఆ కాగితం తీసేశారు. తీసేసిందెక్కడికి పోతుంది? పేరున్న కాగితాన్ని ఈ వంశంలో ఎవడూ తగలబెట్టడు, పాపం చుట్టుకుంటుందని. ఒరే గ్యూతే, ఆ పెట్టెలోనే ఉంది. తియ్యి!"

గ్యూతే చెయ్యి నడుం దగ్గరి తాళంచెవి మీదికి వెళ్లింది. "ఎలకలు కొట్టేసి ఉంటాయి అక్కా."

"ఎలకలు నీ కన్నా నయంరా. తియ్యి!"

సంగూ మాస్టారు లేచి ఆయన ఎదుట నిలబడి అరచెయ్యి చాపాడు. "చిన్నాన్నా. తాళంచెవి."

ముసలాళ్లందరూ ఇప్పుడు గ్యూతే వైపే చూస్తున్నారు. ఆయన తాడు విప్పాడు. తాళంచెవిని ఆ అరచేతిలో పెట్టాడు గానీ, వేళ్లు వెంటనే వదల్లేదు.

"ఇస్తాను, నాకేం పోయింది? కానీ ఒక్క మాట. తీసేసిన ప్రతి కాగితం వెనకా ఎందుకు తీసేశామో రెండు ముక్కలు రాయడం నా అలవాటు. ఆ పిల్లాడు ఎలా పోయాడో, ఎవరి చేతి మీదుగా పోయాడో, మీ నాన్న ఆ రోజు చెప్పింది చెప్పినట్టు రాశాను. మీ అమ్మ ఇన్నేళ్లూ నోరెందుకు కట్టుకుందో అందులో ఉంది." ఆయన తల తిప్పి గుమ్మం వైపు చూశాడు. "ఇంతమందిలో పైకి చదవమంటావా అక్కా?"

పొద్దుట్నుంచీ మెట్టు మెట్టుకీ మాట్లాడిన బున్నే ముఖం గుమ్మం బయటికి తిప్పేసుకుంది. మల్సున్ దగ్గరికెళ్లి ఆవిడ చెయ్యి పట్టుకుంది. వేడి నేల మీద ఇంతసేపు కూర్చున్న మనిషి చెయ్యి మంచుగడ్డలా ఉంది.

"ఇంటికి పోదాం పదవే" అంది మేనత్త. "వాడి పేరూ వద్దు, వీడి పేరూ వద్దు. నన్ను ఇంటికి తీసుకుపో."

అప్పటికే సంగూ మాస్టారు పెట్టె ముందు మోకాళ్ల మీద కూర్చుని, తాళంచెవి తిప్పాడు.